రాళ్ళ చెంత రహదారి - ఊళ్ళ మొర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఒక పల్లె గ్రంథాలయపు పండుగనాడు, సముద్రములకు ఆవల నున్న ఆంగ్లదేశపు రహదారిని గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. మన ఊరి డొంకలో బురద తీరకుండ, పరాయిదేశపు బాటలో బండ్లు నిలిచిపోవుచున్నవని విచారించుట యెందులకని పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ కథ రహదారి కథ మాత్రము కాదు. లోకమంతయు చూడవచ్చు గొప్ప కట్టడము ప్రక్కన కాపురమున్న చిన్న చిన్న పల్లెల కథ. పేరు కట్టడమునకు, కష్టము పల్లెకు అను స్థితి ఏర్పడినప్పుడు, ఆ పల్లెవారు ఏమి చేసిరి, ఏమి సాధించిరి, ఏమి సాధింపలేకపోయిరి అను విషయము ఏ గ్రామమునకైనను పాఠము కాగలదు.

ఆంగ్లదేశమున దక్షిణ భాగమందు విల్ట్‌షైర్ అను మండలము కలదు. అందు సాల్స్‌బరీ మైదానమను విశాలమైన పచ్చికబయలు కలదు. ఆ బయలులో స్టోన్‌హెంజ్ అను శిలావలయము నిలిచియున్నది. క్రీస్తుకు పూర్వము సుమారు 3000 సంవత్సరముల నాడు అచట మొదట వలయాకారముగ కందకము త్రవ్వి, గట్టు పోసిరి. ఆ పిమ్మట సుమారు అయిదు వందల ఏండ్లకు ఇప్పుడు కనబడు మహాశిలలను నిలిపిరి. వానిలో పెద్దవి ఒక్కొక్కటి సగటున ఇరువది టన్నులకు పైబడిన బరువు కలవి. ఇవి సుమారు 15 మైళ్ళ దూరమందలి అడవినుండి తేబడినవని 2020వ సంవత్సరమున పరిశోధకులు నిర్ధారించిరి. చిన్న రాళ్ళు వేల్సు దేశపు కొండలనుండి, సుమారు 150 మైళ్ళ దూరమునుండి వచ్చినవి. నడుమ పడియున్న ఒక రాయి స్కాట్లాండు ఈశాన్య భాగమునుండి వచ్చినదని 2024లో తెలిసినది. నిలువు రాళ్ళపై అడ్డురాళ్ళను, వడ్రంగి తలుపు చట్టమునకు కుసి, రంధ్రము అమర్చినట్లు అమర్చిరి. వేసవిలో మిక్కిలి పొడవైన పగటినాడు సూర్యోదయమును, శీతకాలమున మిక్కిలి కురుచైన పగటినాడు సూర్యాస్తమయమును చూచు దిక్కునకు ఈ వలయము తీర్చబడినది. ఇనుము లేని కాలమున ఇంతటి పని చేసిన జనులను నేటివారు అనాగరికులని తలచుట సాహసమే యగును.

ఈ శిలలు చాలకాలము ప్రైవేటు ఆస్తిగా నుండెను. 1915వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన సాల్స్‌బరీ పట్టణమున వీనిని వేలము వేసిరి. సెసిల్ చబ్ అను న్యాయవాది 6,600 పౌనులకు పాడుకొనెను. ఈ చబ్ శిలలకు సమీపమందలి ష్రూటన్ అను పల్లెలో, గుఱ్ఱపు జీనులు కుట్టు వృత్తివాని ఇంట పుట్టినవాడు. మూడేండ్లు గడచిన పిమ్మట, 1918లో, ఆయన ఆ శిలలను జాతికి దానము చేసెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగునకు మించరాదని దానపత్రమున నియమము పెట్టెను. బీదవాడు చూడలేని సంపద జాతి సంపద కాజాలదని ఆయన భావించెను గాబోలు. ఈ ష్రూటన్ పేరును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. శిలలను దానమిచ్చిన మనిషిని కన్న ఆ పల్లెయే, నూరేండ్ల పిమ్మట ఆ శిలలవలన కష్టము పాలైనది.

దానము జరిగినను బాధ తీరలేదు. శిలల చుట్టును విమానదళపు కట్టడములు, ఫలహారశాల మొదలగునవి లేచినవి. 1927లో దేశప్రజలను చందాలడిగి, చుట్టుపట్టి భూమిని కొని, నేషనల్ ట్రస్టు అను సంస్థకు అప్పగించిరి. ఆ విధముగ 1,400 ఎకరములకు పైగా భూమి కట్టడములు లేకుండ నిలిచినది. జనులు తలయొక కాసు వేసిన ఒక పెద్ద పని జరుగునని గ్రంథాలయోద్యమమును నడపిన తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

భూమిని కొనిరి గాని, దారిని కొనలేకపోయిరి. శిలలకు ఇరుప్రక్కల రెండు దారులు పోవుచుండెను. ఉత్తరపు దారికి ఏ-344 అని పేరు. అది పూర్వము సుంకపు బాట. వలయమునకు వెలుపల ఒంటరిగ నిలిచిన హీల్ స్టోను అను శిలను దాదాపు రాచుకొనిపోవుచు, ప్రాచీనులు శిలల యొద్దకు నడచివచ్చిన రాచబాటను అడ్డముగ కోసి పారవేసినది. దక్షిణపు దారికి ఏ-303 అని పేరు. లండను వైపునుండి పశ్చిమ సముద్రతీర మండలములకు పోవు ముఖ్యమార్గమిది. శిలలకు సుమారు 165 మీటర్ల దూరముననే పోవును. చాలవరకు ఇది రాకపోకలకు వేర్వేరు వరుసలు గల విశాలమైన దారియే. కాని స్టోన్‌హెంజ్ చెంతకు వచ్చునప్పటికి రాకకు ఒక వరుస, పోకకు ఒక వరుసగా ఇరుకగును. వెడల్పాటి కాలువనుండి నీరు సన్నని తూములో పడినట్లు, వాహనములు అచట ఒత్తుకొనును. దినమునకు ఇరువది వేలకు పైబడిన వాహనములు ఆ ఇరుకు బాటను పోవుచున్నవి. సెలవు దినములలో సముద్రతీరమునకు పోవు జనము కూడగా, మైళ్ళ పొడవున బండ్లు చీమల బారువలె నిలిచిపోవును.

దానికి తోడు ఇంకొక విచిత్రము కలదు. గట్టు దిగి వచ్చునప్పుడు శిలలు కంటికి కనబడును. కనబడగానే తోలువాడు కాలిక్రింది వేగమును తగ్గించి ఒకసారి తల త్రిప్పి చూచును. ముందువాడు ఒక్క క్షణము నెమ్మదించిన, వెనుకవాడు రెండు క్షణములు ఆగవలెను. నూరవవాడు పూర్తిగ నిలిచిపోవును. చూచిన వానిదేమియు తప్పు లేదు. అయిదు వేల ఏండ్ల నాటి శిలలను చూడగోరని కన్నెందులకు? కాని వేలమంది చేయు నిర్దోషమైన పని ఒక్కచోట కుప్పపడిన, అది ఊరివారికి దోషమై పరిణమించును.

ఇట్లు పెద్దబాట స్తంభించినప్పుడు వాహనములు ఊరకుండవు. సందు దొరకిన చోటికి మళ్ళును. గట్టు నిండిన చెరువు నీరు ఏ బలహీనమైన చోటనో గండి కొట్టినట్లు, అవి పల్లెదారులలో చొరబడును. ఏ-303కు ఉత్తరముగ ష్రూటన్, లార్క్‌హిల్, డరింగ్టన్, బుల్ఫర్డ్ మొదలగు ఊళ్ళు కలవు. ఇవి గుఱ్ఱపుబండ్ల నాటి సన్నని వీధులు కలవి. తలుపు తెరచిన వీధిలో కాలు పెట్టవలసిన ఇండ్లు కలవి. అట్టి వీధులలో పరాయి వాహనములు వరుసలుగ పోసాగెను. ఇక వింటర్‌బర్న్ స్టోక్ అను పల్లె సంగతి మరియు దారుణము. ఏ-303 ఆ పల్లె నడుమనుండియే పోవును. ఊరు రెండు చెక్కలైనది. ఒక వైపువారు రెండవ వైపునకు పోవుట ఏరు దాటినంత పనియైనది. ఊరికి వెలుపలగ వేరుబాట వేయుడని ఆ పల్లెవారు దశాబ్దములుగ అడుగుచు వచ్చిరి.

1986వ సంవత్సరమున యునెస్కో స్టోన్‌హెంజ్‌ను ప్రపంచ వారసత్వ స్థలముగ ప్రకటించినది. కీర్తి పెరిగెను, రాకపోకలు పెరిగెను. 1993లో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘము అచటి స్థితిని చూచి, ఇది జాతికి అవమానకరమని నిందించినది. అప్పటినుండి ఇరువదేండ్లు చర్చలు సాగినవి. తుదకు 2013 జూనులో ఉత్తరపు దారియైన ఏ-344ను శిలల చెంత మూసివేసిరి. దానిపై గడ్డి మొలిపించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో, శిలలకు సుమారు ఒకటిన్నర మైలు పడమరగ క్రొత్త సందర్శక మందిరమును తెరచిరి. చూడవచ్చినవారు తమ వాహనములను అచటనే విడిచి, చిన్న బస్సులలోనో, కాలినడకనో శిలల యొద్దకు పోవుదురు. వేల ఏండ్ల నాటి రాచబాట మరల శిలలతో కలిసినది. శిలల విషయమున ఇది మంచిపనియే. ఎవ్వరును కాదనలేదు.

అయితే ఒక దారిని మూసినప్పుడు, ఆ దారిని పోవు బండి మాయమైపోదు. అది వేరొక దారిని పోవును. సందర్శక మందిరము నిలిచిన కూడలి ష్రూటన్ పోవు బాటలోనిదే. మూసిన దారిని పోవలసినవియు, పెద్దబాటలో నిలువలేనివియు ఇప్పుడు మరింతగ పల్లె వీధులను పట్టెను. శిలల చెంత నిశ్శబ్దము ఏర్పడుటకై పల్లెలలో సద్దు పెరిగెను. ఊరివారు ఓర్చిరి, విన్నపములు చేసిరి, తుదకు స్టోన్‌హెంజ్ ట్రాఫిక్ యాక్షన్ గ్రూప్ అను పేర ఒక సంఘముగ ఏర్పడిరి.

ఈ సంఘమువారు శిలలకు శత్రువులు కారు. తాతముత్తాతల నాటినుండి ఆ శిలల నీడలో బ్రతికినవారు. వారి వాదము సరళమైనది. "పెద్దబాటను సరిచేయకుండ చిన్నదారిని మూసితిరి. దాని భారము మాపై పడినది. కావున పెద్దబాటను సరిచేయుడు" అనునదే దాని సారము. వారు ఊరూర సభలు జరిపిరి. పత్రికలకు తెలిపిరి. శాసనసభ్యులకును, రహదారి అధికారులకును విన్నవించిరి. విచారణ జరిగినప్పుడు వచ్చి తమ మాట చెప్పిరి. తమ బాధను చల్లార్చుకొనక, అలాగుననే హద్దు మీరకుండ చెప్పుకొనుట వారి ఉద్యమమునందలి విశేషము.

పెద్దబాటను సరిచేయుట యెట్లు? శిలల ప్రక్కన భూమిపై దానిని వెడల్పు చేసినచో చుట్టుపట్టి ప్రాచీన సమాధి దిబ్బలు నశించును. కనుక భూమిలోపల సొరంగము త్రవ్వి, బాటను అందు పోనిచ్చుటయే మార్గమని ప్రభుత్వము తలచెను. ఇది క్రొత్త ఆలోచన కాదు. అటువంటి ప్రతిపాదనపై 2004లోనే బహిరంగ విచారణ జరిగినది. అంచనా వ్యయము రెట్టింపునకు పెరుగగా, 2007 డిసెంబరులో దానిని విడిచిరి. 2014 డిసెంబరులో ప్రభుత్వము మరల సొరంగమును ప్రకటించినది. ఈసారి సొరంగము పొడవు సుమారు రెండు మైళ్ళు. వింటర్‌బర్న్ స్టోక్ పల్లెకు వెలుపలగ వేరుబాట కూడ ఈ పథకములోనే చేర్చిరి. పల్లెవారి సంఘము దీనిని హర్షించినది. శిలల సంరక్షణ భారము వహించిన ఇంగ్లీషు హెరిటేజ్, భూమి గల నేషనల్ ట్రస్టు కూడ సమ్మతించినవి. శిలల చెంత వాహనముల రొద యుండదు, పల్లెలలో దారితప్పిన బండ్లుండవు అని వారి ఆశ.

అయితే ఎదురు పక్షము కూడ బలమైనదే. స్టోన్‌హెంజ్ అలయన్స్ అను సంఘమువారు సొరంగమును తీవ్రముగ ప్రతిఘటించిరి. చరిత్ర గ్రంథకర్తయైన టామ్ హాలెండ్ వారి పక్షమున ప్రముఖముగ నిలిచెను. వారి వాదమును కూడ న్యాయముగ వినవలెను. శిలావలయము మాత్రమే వారసత్వము కాదు, చుట్టునున్న మైళ్ళ కొలది భూమియంతయు వారసత్వమే అని వారనిరి. సొరంగము శిలల చెంత భూమిలోపల నున్నను, దాని రెండు మోములును వారసత్వ సరిహద్దులలోపలనే తెరచుకొనును. పడమటి మోము చెంత లోతైన పెద్ద కోత కోయవలెను. ఆ కోతలో ఏ ప్రాచీన చిహ్నములు పోవునో ఎవరు చెప్పగలరు? తూర్పున ఏమ్స్‌బరీ చెంత బ్లిక్ మీడ్ అను ఊటనేల కలదు. శిలలకంటెను పూర్వమే, వేల ఏండ్లపాటు, మనుష్యులు అచట వసించిన గుర్తులు దొరకినవి. భూగర్భ జలమట్టము మారిన ఆ గుర్తులు చెడునని పురావస్తువేత్తలు భయపడిరి. మరియు, దారిన పోవు బీదసాదలు రుసుము లేకుండ, బండిలోనుండియే శిలలను చూచు భాగ్యము పోవునని వేరొకరు వగచిరి.

చూడుడు, ఈ వివాదమున మంచికిని చెడ్డకును పోరు లేదు. ఒకరు ఇప్పుడు బ్రతికియున్నవారి వీధులకై పోరాడిరి. వేరొకరు ఎప్పుడో గతించినవారి గుర్తులకై పోరాడిరి. ఇరువురును ఆ నేలను ప్రేమించినవారే. ఇట్టి వివాదములే పరిష్కరించుటకు మిక్కిలి కష్టమైనవి.

2018 అక్టోబరులో రహదారి శాఖ అనుమతికై దరఖాస్తు చేసినది. 2019 ఏప్రిలునుండి అక్టోబరు వరకు ఆరు నెలలు బహిరంగ పరీక్ష జరిగినది. ఆ దేశపు చట్టము ప్రకారము, అట్టి పరీక్షలో ఏ సామాన్యుడైనను పేరు నమోదు చేసికొని తన అభిప్రాయమును వ్రాతమూలముగ ఇయ్యవచ్చును, సభకు వచ్చి పలుకవచ్చును. విన్న అధికారులు పథకమునకు అనుమతి ఇయ్యవలదని సలహా ఇచ్చిరి. మంత్రి ఆ సలహాను కాదని, 2020 నవంబరు 12వ తేదీన అనుమతించెను. వ్యతిరేకులు చిన్న చిన్న చందాలు కూర్చుకొని హైకోర్టుకు పోయిరి. 2021 జూలై 30వ తేదీన హైకోర్టు ఆ అనుమతిని రద్దు చేసినది. ఒక్కొక్క ప్రాచీన చిహ్నమునకు కలుగు హానిని మంత్రి వేరువేరుగ తెలిసికొనలేదనియు, నష్టము తక్కువగు వేరు మార్గములను తగినట్లు తూచలేదనియు తీర్పు చెప్పినది. ఆ నెలలోనే యునెస్కో సంఘము, పథకమును మార్చకున్నచో స్టోన్‌హెంజ్‌ను ప్రమాద జాబితాలో చేర్చగలమని హెచ్చరించినది. 2023 జూలై 14న ప్రభుత్వము మరల అనుమతించినది. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు ఈసారి వ్యతిరేకుల వాదమును త్రోసివేసినది. ఇక పని మొదలగునని అందరును తలచిరి. ఇంతలో ప్రభుత్వము మారెను. 2024 జూలై 29న ఆర్థికమంత్రి రేచెల్ రీవ్స్, ఖజానాలో ధనము చాలదని చెప్పి, పథకమును విరమించుచున్నట్లు ప్రకటించెను. అప్పటికి అంచనా వ్యయము 250 కోట్ల పౌనులకు చేరియుండెను. ఒక్క పారయైన సొరంగమునకై వేయకముందే 16 కోట్ల పౌనులకు పైగా వ్యయమైనది.

ఈ తీర్పు శాస్త్రము వలన రాలేదు, న్యాయము వలన రాలేదు, పల్లెవారి మొర వలనను రాలేదు. ధనము లేమి వలన వచ్చినది. వ్యతిరేకులు ఊపిరి పీల్చుకొనిరి. పల్లెవారు నిట్టూర్పు విడిచిరి. బండ్లు మాత్రము ముందువలెనే వరుస కట్టెను. ఒకరి జయము వేరొకరి అపజయమైనప్పుడును, ఇరువురి బాధయు నిలిచియుండుట ఇందలి విషాదము. సొరంగము వలదన్నవారు గెలిచినను, శిలల చెంత వాహనపు రొద తగ్గలేదు. సొరంగము కావలెనన్నవారు ఓడినను, వారి ప్రశ్నకు ఇంకను జవాబు రాలేదు.

దీనినుండి గ్రామస్థులు నేర్వదగిన అంశములు కొన్ని కలవు.

మొదటిది: రద్దీని త్రోసివేయుట వేరు, తగ్గించుట వేరు. ఇంటిలోని చెత్తను పొరుగువాని వాకిట పోసిన ఇల్లు శుభ్రపడును గాని వీధి శుభ్రపడదు. ఒక దారి మూయునప్పుడు, ఆ బండ్లు ఏ ఊరిమీద పడునో ముందే లెక్క కట్టి, ఆ ఊరివారితో మాటలాడిన తరువాతనే మూయవలెను. ష్రూటన్‌వారి కోపమునకు కారణము దారి మూతకంటెను, తమ కష్టము ఎవరి లెక్కలోను లేకపోవుటయే.

రెండవది: పెద్ద పరిష్కారమునకై కాచుకొనియుండి చిన్న పరిష్కారములను మరువరాదు. ముప్పదేండ్లు సొరంగము చుట్టును చర్చ తిరిగినది. బరువు లారీలను పల్లె వీధులలోనికి రానీయకుండుట, వీధులలో వేగమునకు హద్దు పెట్టుట, సందర్శకులకు రైలుస్టేషను నుండి బస్సులు నడుపుట, వచ్చువారిని వేర్వేరు గంటలకు పంచుట వంటివి తక్కువ ధనముతో అగు పనులు. ఏనుగు వచ్చువరకు మేకను కట్టివేయుట వివేకము కాదు.

మూడవది: ఆవేశముకంటె లెక్కకు విలువ ఎక్కువ. "బండ్లు ఎక్కువైనవి" అని వేయిసార్లు అరచినను అధికారి చెవి సోకదు. ఏ దినమున, ఏ గంటకు, ఎన్ని బండ్లు, ఎంత వేగముతో ఊరు దాటినవో వ్రాసిన ఒక పుస్తకము ముందు పెట్టినచో అతడు జవాబు చెప్పక తప్పదు. హైకోర్టు మంత్రి అనుమతిని రద్దు చేసినది కూడ, లెక్క సరిగ చూడలేదన్న కారణము చేతనే గదా.

నాలుగవది: ఎదుటివాని మాట వినుట. పల్లెవారును, పురావస్తువేత్తలును మొదటనే ఒక్క చాపమీద కూర్చుండి, ఇరువురికి సమ్మతమగు కోర్కె నొకదానిని కూర్చుకొనియుండిన, ఏ ప్రభుత్వమైనను దానిని త్రోసివేయుటకు జంకియుండెడిది. రెండు గొంతులు ఎదురెదురుగ పలికినందున, ఖజానా గొంతు తుది మాటయైనది.

ఇది తెలుగువారికి దూరపు కథ కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఏలిన విజయనగరము, నేటి హంపి, స్టోన్‌హెంజ్‌తో బాటు అదే 1986వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినది. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఆనెగొంది కలదు. ఆ వైపు పల్లెవారు పుట్టిమీద ఏరు దాటవలసినవారు. వంతెన కావలెనని వారు కోరుట సహజము. వంతెన కట్టసాగిరి. లారీలు, బస్సులు శిథిలముల నడుమనుండి పోవునని భయపడి యునెస్కో 1999లో హంపిని ప్రమాద జాబితాలో చేర్చినది. 2006లో గాని అందుండి తీయలేదు. సగము కట్టిన ఆ వంతెన 2009 జనవరిలో కూలి, కూలివాండ్రు ప్రాణములు కోల్పోయిరి. అచటను అదే ప్రశ్న: రాళ్ళు ముఖ్యమా, ఏరు దాటవలసిన మనిషి ముఖ్యమా? రెండును ముఖ్యమే అని మొదటనే తలచి, తగిన చోటు వెదకినచో ఇంత కీడు కలిగియుండదు.

ఇక ఇంకను దగ్గరకు వత్తము. తెలంగాణమందలి నారాయణపేట జిల్లాలో, కృష్ణాతీరమున, ముడుమాల్ అను పల్లె కలదు. అచట సుమారు 80 ఎకరముల నేలలో బృహత్ శిలాయుగపు నిలువురాళ్ళు కలవు. కొన్ని రాళ్ళు 10 మొదలు 14 అడుగుల ఎత్తు కలవి. ఒక రాతిమీద సప్తర్షి మండలమును బోలిన గుంటలు కలవని పరిశోధకులు గుర్తించిరి. ఊరివారు ఆ రాళ్ళలో దేవుని చూచి మ్రొక్కుదురు. ఆ మ్రొక్కే ఇన్ని తరములు వానిని గునపపు పోటునుండి కాపాడినది. 2025వ సంవత్సరమున ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. ఇది మొదటి మెట్టు మాత్రమే. అయినను, పేరు పెరిగిన కొలది దారి పెరుగును, దారి పెరిగిన కొలది బండి పెరుగును. ఆ బండి ఎచట నిలువవలెను, ఏ వీధిని పోవలెను, పొలమునకు పోవు రైతు ఎడ్లకు త్రోవ యెచట, బడికి పోవు పిల్లకు త్రోవ యెచట అను సంగతులు ఇప్పుడే తలచదగినవి. స్టోన్‌హెంజ్ పల్లెలవారు బండ్లు వచ్చిన పిదప మేల్కొనిరి. తెలుగు పల్లెలవారికి బండ్లు రాకముందే మేల్కొను అవకాశము కలదు.

మేల్కొనుటకు సాధనములును కలవు. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ గ్రామసభకు గౌరవమిచ్చినది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ఏ పౌరుడైనను ప్రభుత్వపు కాగితమును అడిగి చూచుటకు వీలు కల్పించినది. హక్కు కలదని తెలియనివానికి ఉన్న హక్కును లేనిదే.

ఇచ్చటనే గ్రంథాలయము ప్రసక్తి వచ్చుచున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి, తెలుగు పల్లెలలో గ్రంథాలయమనిన పుస్తకముల బీరువా మాత్రమే కాదు. అది ఊరి చావడి, ఊరి బడి, ఊరి జ్ఞాపకము. ఊరి పటము, పాత దారుల గుర్తులు, గుడిపై శాసనపు నకలు, చెరువు గట్టు కొలతలు, గ్రామసభ తీర్మానములు అచట భద్రముగ నుండవలెను. ఏ రహదారి శాఖవారో ఒకనాడు వచ్చి "ఈ దారి వెడల్పు చేయుచున్నాము" అన్నప్పుడు, "అయ్యా, కూర్చుండుడు, ఇదిగో మా లెక్క" అని ఒక పుస్తకమును విప్పి చూపగల ఊరు ధన్యమైనది. అట్టి ఊరిని ఎవరును లెక్కలోనుండి జారవిడువలేరు. ఈ పని విద్యాధికులే చేయవలెనన్న నియమము లేదు. వేసవి సెలవులలో బడిపిల్లలు చెట్టునీడ కూర్చుండి బండ్లను లెక్కింపగలరు. వృద్ధులు పాత డొంకల పేర్లు చెప్పగలరు. గ్రంథపాలకుడు వానిని వ్రాసి ఉంచగలడు.

సెసిల్ చబ్ శిలలను దానమిచ్చిన నాటికి ఆ దారిని గుఱ్ఱపు బండ్లే ఎక్కువగ పోవుచుండెను. తన పుట్టినూరి వీధి ఒకనాడు ఆ శిలలవలననే కిక్కిరిసిపోవునని ఆయన కలనైనను తలచియుండడు. దానము చేసినవాని ఉద్దేశము గొప్పది. ఆ దానమును అనుభవించువారి ముందుచూపు దానికి తోడు కావలెను. పూర్వులు విడిచిన రాళ్ళను కాపాడుట ధర్మము. ఆ రాళ్ళ ప్రక్కన పుట్టిన పసివాడు భయము లేకుండ వీధి దాటుట కూడ ధర్మమే. ఈ రెండు ధర్మములను వేరు చేయని ఊరే వారసత్వమునకు నిజమైన వారసురాలు.

ఇరువదియైదేండ్లు ఈ గ్రామమునకు చదువు పంచిన ఈ గ్రంథాలయము, ఇకముందు ఊరి మొరను కూడ లెక్కలతో, తెలివితో, నెమ్మదితో వినిపించు గొంతుకయై, స్వర్ణోత్సవమును, శతజయంతిని చూచుగాక.

స్వస్తి.